యూపీఎఫ్ స్లోగా ఉందా? కెర్నల్, ఎక్స్‌డీపీ, డీపీడీకే, హార్డ్‌వేర్‌లలో మీకు ఏది సరిపోతుంది

మొబైల్ కోర్ (ఆపరేటర్ నెట్‌వర్క్ నడిమి భాగం) మీద పనిచేసేవాళ్లు నలుగురు కలిస్తే ఈ మాట వచ్చి తీరుతుంది: "గేట్‌వే స్లోగా ఉంది, డీపీడీకేకి మారిపోదాం." డీపీడీకే అంటే కెర్నల్‌ని పక్కనపెట్టి ప్యాకెట్లను నేరుగా ప్రోగ్రామ్‌కే ఇచ్చే లైబ్రరీ. నిజంగా మారాల్సినవాళ్లు ఉన్నారు, కాదనడం లేదు. కానీ చాలా చోట్ల సర్వర్‌లో ముప్పై రెండు సీపీయూ కోర్లుంటే ఒకటే నూరు శాతం మీద ఉడికిపోతుంటుంది, మిగతావి ఖాళీగా కూర్చుంటాయి. ఆ సర్వర్ మీద డీపీడీకే పెడితే ఆ ఒక్క కోర్ కాస్త ఎక్కువ బరువు మోస్తుంది తప్ప అసలు జబ్బు అలాగే ఉంటుంది. అందుకే ఈ పోలికలో ముందు జబ్బు సంగతి, తర్వాతే మందుల సంగతి.

ఎవరి కోసం రాస్తున్నానంటే, 4జీలో పీజీడబ్ల్యూ గానీ 5జీలో యూపీఎఫ్ గానీ (రెండూ ఫోన్ల డేటాని ఇంటర్నెట్‌కి కలిపే గేట్‌వేలే) నడుపుతూ, లేదా కాలేజీ ల్యాబ్‌లోనో ఫ్యాక్టరీ ప్రైవేట్ నెట్‌వర్క్‌లోనో ఓపెన్‌సోర్స్ మొబైల్ కోర్ పెట్టుకుని, "స్పీడ్ టెస్ట్ ఇంతకంటే ఎక్కడం లేదేంటి" అని తల పట్టుకున్నవాళ్ల కోసం. 2023 అక్టోబర్‌లో కేంద్రం దేశవ్యాప్తంగా వంద విద్యాసంస్థలకు 5జీ ల్యాబులు ప్రకటించిన తర్వాత ఇలాంటివాళ్లు మన దగ్గర కూడా బాగానే పెరిగారు.

ముందు లెక్క

గిగాబిట్లలో ఆలోచించడం మానేయండి. గేట్‌వేకి బరువు ప్యాకెట్ల లెక్కన పడుతుంది, బైట్ల లెక్కన కాదు. 10 గిగాబిట్ లింకు మీద అన్నీ 64 బైట్ల ప్యాకెట్లే వస్తే సెకనుకు 1.488 కోట్ల ప్యాకెట్లు, అంటే ఒక్కో ప్యాకెట్‌కి 67 నానోసెకన్లు. 3 గిగాహెర్ట్జ్ కోర్ మీద అది 200 సైకిళ్లు. మెయిన్ మెమరీకి ఒక్కసారి వెళ్లి రావడానికే 80 నుంచి 100 నానోసెకన్లు పడుతుంది కాబట్టి, సెషన్ టేబుల్ క్యాష్‌లో దొరక్కపోతే ఆ ప్యాకెట్ బడ్జెట్ అక్కడికక్కడే అయిపోయినట్టు.

అదృష్టవశాత్తూ మొబైల్ ట్రాఫిక్ అలా ఉండదు. డౌన్‌లింక్‌లో వీడియో తాలూకు పెద్ద ప్యాకెట్లు, అప్‌లింక్‌లో ఎక్కువగా చిన్నచిన్న ఎక్‌నాలెడ్జ్‌మెంట్లు. సగటు 700 బైట్లు అనుకుంటే 10 గిగాబిట్లకి సెకనుకు సుమారు 17 లక్షల ప్యాకెట్లు, 100 గిగాబిట్లకి కోటీ 74 లక్షలు. మీ సగటు ఎంతో కార్డు కౌంటర్లలోనే ఉంటుంది, మొత్తం బైట్లను మొత్తం ప్యాకెట్లతో భాగిస్తే చాలు. పీక్ అవర్‌లో తీయండి, రాత్రి మూడింటికి తీసిన సగటుతో ప్లాన్ చేస్తే మోసపోతారు. కింద చెప్పే ఎంపికలన్నీ ఈ ఒక్క సంఖ్య మీదే తిరుగుతాయి, అది చేతిలో లేకుండా ముందుకెళ్లకండి.

ఒకే కోర్ మీద పడే జబ్బు

ఇదే అసలు విషయం, కొంచెం ఓపిగ్గా చదవండి.

నెట్‌వర్క్ కార్డు వచ్చిన ప్యాకెట్లను ఆర్‌ఎస్‌ఎస్ అనే పద్ధతిలో రకరకాల క్యూలకు పంచుతుంది, ఒక్కో క్యూ ఒక్కో కోర్‌కి. పంచడానికి చూసేది సోర్స్ ఐపీ, డెస్టినేషన్ ఐపీ, రెండు పోర్టులు. మామూలు వెబ్ సర్వర్‌కైతే ఇది బ్రహ్మాండం, వేల క్లయింట్లు వేల కాంబినేషన్లతో వస్తారు. కానీ గేట్‌వేకి అప్‌లింక్ ట్రాఫిక్ అంతా జీటీపీ-యూ టన్నెల్‌లో, అంటే యూజర్ ప్యాకెట్‌ని ఇంకో ప్యాకెట్‌లో చుట్టి, వస్తుంది. బయటి హెడర్‌లో సోర్స్ బేస్ స్టేషన్ ఐపీ, డెస్టినేషన్ మీ గేట్‌వే ఐపీ, డెస్టినేషన్ పోర్టు ఎప్పుడూ 2152, చాలా పరికరాల్లో సోర్స్ పోర్టు కూడా అదే 2152. అంటే ఒక బేస్ స్టేషన్ కింద వెయ్యిమంది ఉన్నా, కార్డు కళ్లకు అదంతా ఒకటే ఫ్లో. పది కౌంటర్లున్న రైల్వే స్టేషన్‌లో ఊరి జనాన్నంతా మూడో కౌంటర్‌కే పంపినట్టు.

వందల బేస్ స్టేషన్లున్న ఆపరేటర్‌కి ఇది అంతగా కనపడదు, ఐపీలు చాలా ఉంటాయి కాబట్టి దానంతటదే కొంత సర్దుకుంటుంది. రెండు మూడు బేస్ స్టేషన్లున్న ల్యాబ్‌లో, ఫ్యాక్టరీలో మాత్రం ఘోరంగా కనపడుతుంది. అలాగే 4జీలో బేస్ స్టేషన్ వైపుండే గేట్‌వే ఎస్‌జీడబ్ల్యూకీ పీజీడబ్ల్యూకీ మధ్య ఎస్5 ఇంటర్‌ఫేస్, రోమింగ్‌లో ఎస్8 ఉన్నాయే, అక్కడ రెండు వైపులా గట్టిగా లెక్కపెడితే కొన్నే ఐపీలుంటాయి, లక్షల మంది ట్రాఫిక్ ఆ కొన్ని జతల మధ్యే పోతుంది. ఇది చాలదన్నట్టు, కొన్ని కార్డు డ్రైవర్లు యూడీపీకి డిఫాల్ట్‌గా పోర్టుల్ని లెక్కలోకే తీసుకోవు, ఐపీలు మాత్రమే చూస్తాయి.

మీకు ఈ జబ్బు ఉందో లేదో తేల్చుకోవడం తేలిక. ఎంపీస్టాట్‌తో కోర్లవారీగా చూడండి, ఒక్క కోర్ సాఫ్ట్ ఐఆర్‌క్యూలో (కెర్నల్ ప్యాకెట్ల పని చేసే సమయం) నూరు దగ్గర ఉండి పక్కవి పదిలోపు ఉంటే దొరికినట్టే. ప్రాక్ కింద నెట్ డైరెక్టరీలో సాఫ్ట్‌నెట్ స్టాట్ ఫైలు ఉంటుంది, అందులో వరుసకో కోర్, రెండో కాలమ్ డ్రాపులు, మూడో కాలమ్ టైమ్ సరిపోక మధ్యలో వదిలేసిన సందర్భాలు. అంకెలు హెక్సాలో ఉంటాయి, చూసుకోండి.

మందు ఏంటంటే లోపలి హెడర్ చూసి పంచడం. ఇంటెల్ 700 సిరీస్ కార్డులకి జీటీపీ అర్థమయ్యేలా డీడీపీ ప్రొఫైల్ లోడ్ చేసుకోవచ్చు, ఈ810 కార్డులకి టెలికాం వాళ్ల కోసం వేరే డీడీపీ ప్యాకేజీ ఉంది. వాటితో టీఈఐడీ (టన్నెల్ నంబరు) మీదో, లోపలి ఐపీ మీదో హ్యాష్ చేయించొచ్చు, అంటే దాన్ని బట్టి క్యూ ఎంచుకునేలా చేయొచ్చు. కార్డుకి ఆ తెలివి లేకపోతే ఎక్స్‌డీపీలో (దీని సంగతి కింద వస్తుంది) సీపీయూమ్యాప్ అనే సౌకర్యం ఉంది: ఒక చిన్న ప్రోగ్రామ్ లోపలి ఐపీ చదివి ప్యాకెట్‌ని వేరే కోర్‌కి తోసేస్తుంది, మిగతా పనంతా మామూలు లినక్స్ కెర్నల్ చేసుకుంటుంది. మీ గేట్‌వేకి రెండు మూడు ఐపీలు అదనంగా ఇచ్చి సెషన్లను వాటి మధ్య పంచడం అన్నిటికంటే చవకైన చిట్కా, దీన్ని ఎవరూ ఎందుకు వాడరో నాకు అర్థం కాదు.

ఇక్కడ ఒక మెలిక. దేని మీద హ్యాష్ చేయాలి? లోపలి ఐపీలు, పోర్టులు అన్నీ కలిపి చేస్తే పంపకం అందంగా వస్తుంది, కానీ ఒకే యూజర్ తాలూకు ఫ్లోలు నాలుగు కోర్ల మీదకి పోతాయి. ఆ యూజర్ మొత్తం స్పీడ్‌ని సెషన్ ఏఎంబీఆర్‌కి (ఆ సెషన్‌కి పెట్టిన గరిష్ఠ వేగం) కట్టడి చేయాలన్నా, ఎంత డేటా వాడాడో లెక్కపెట్టాలన్నా నాలుగు కోర్లు ఒకే కౌంటర్‌ని ముట్టుకోవాలి, లాకులు, క్యాష్ లైన్ల గుంజులాట మొదలవుతుంది. అందుకని అప్‌లింక్‌లో లోపలి సోర్స్ ఐపీ మీద మాత్రమే, డౌన్‌లింక్‌లో డెస్టినేషన్ ఐపీ మీద మాత్రమే హ్యాష్ చేస్తే రెండు వైపులా ఒక యూజర్ ఒకే కోర్ మీద పడతాడు, లాకుల గొడవే ఉండదు. నాకు ఇదే నచ్చుతుంది. అయితే ఒక్క యూజరే భారీగా వాడే చోట, అంటే జియో ఎయిర్‌ఫైబర్ లాంటి ఫిక్స్‌డ్ వైర్‌లెస్ కనెక్షన్లు ఎక్కువున్న చోట, ఒక యూజర్ గరిష్ఠ వేగం ఒక కోర్ సామర్థ్యానికి కట్టుబడిపోతుంది. పైగా గేట్‌వేలోనే క్యారియర్ గ్రేడ్ నాట్ (చాలామందికి కలిపి ఒకే పబ్లిక్ ఐపీ వాడడం) కూడా చేస్తుంటే, డౌన్‌లింక్‌లో వచ్చే డెస్టినేషన్ ఐపీ పబ్లిక్ ఐపీ, దాని వెనక ఎంతమంది ఉన్నారో కార్డుకి తెలీదు. అప్పుడు ఒక్కో యూజర్‌కి పోర్టు బ్లాకు కేటాయించి దాని ఆధారంగా పంచుకోవాలి, లేదా నాట్‌ని గేట్‌వే నుంచి తీసి వేరే పెట్టెలో పెట్టాలి. రెండోదే నయం.

ఇంకో రెండు మూడు చిన్న విషయాలు చూసుకున్నాకే సాఫ్ట్‌వేర్ మార్చే ఆలోచన చేయండి. కార్డు ఏ సాకెట్‌కి తగిలించి ఉందో ఆ సాకెట్ కోర్లనే వాడండి, ప్యాకెట్ అవతలి సాకెట్ మెమరీకి వెళ్లి వస్తే సగం కష్టం వృథా. ఐఆర్‌క్యూ బ్యాలెన్స్ ఆపేసి క్యూలను చేత్తో కోర్లకి కట్టేయండి. సీపీయూ గవర్నర్ పెర్ఫార్మెన్స్ మోడ్‌లో పెట్టండి. జీటీపీ ట్రాఫిక్‌ని కనెక్షన్ ట్రాకింగ్ నుంచి తప్పించండి; 2152 పోర్టుకి నోట్రాక్ రూల్ ఒక్కటి పెడితే తేడా కళ్లకు కనపడుతుంది.

టన్ డివైస్, కెర్నల్ మాడ్యూల్

ఓపెన్‌సోర్స్ కోర్ ఓపెన్5జీఎస్ యూపీఎఫ్ డిఫాల్ట్‌గా టన్ డివైస్ (కెర్నల్ సృష్టించే ఉత్తుత్తి నెట్‌వర్క్ కార్డు) మీద నడుస్తుంది. ప్యాకెట్ కెర్నల్ నుంచి యూజర్‌స్పేస్‌కి వస్తుంది, జీటీపీ హెడర్ తీసి మళ్లీ కెర్నల్‌లోకి పోతుంది, ప్రతి ప్యాకెట్‌కీ రెండు సిస్టమ్ కాల్స్, రెండు కాపీలు. ఒకటి రెండు గిగాబిట్ల దగ్గర ఊపిరాడదు. ల్యాబ్‌లో పది ఫోన్లకి ఇది చాలు, మార్చకండి. దీన్ని డీబగ్ చేయడం ఎంత తేలికంటే టీసీపీడంప్ పెడితే లోపలా బయటా అన్నీ కనపడతాయి, విద్యార్థులకి ఇంతకంటే మంచి పాఠం లేదు.

దీని పై మెట్టు కెర్నల్‌లోనే జీటీపీ చేసేయడం. లినక్స్ 4.7లో, 2016లో, జీటీపీ మాడ్యూల్ మెయిన్‌లైన్‌లోకి వచ్చింది. 4జీ, అంతకుముందు తరాల కోసం చేసింది అది. 5జీలో ప్రతి ప్యాకెట్‌కీ క్యూఎఫ్‌ఐ (అది ఏ క్వాలిటీ తరగతిదో చెప్పే నంబరు) మోసుకొచ్చే ఎక్స్‌టెన్షన్ హెడర్ అందులో లేదు. అందుకే తైవాన్ వాళ్ల ఫ్రీ5జీసీ ప్రాజెక్టు జీటీపీ5జీ అని సొంత మాడ్యూల్ రాసుకుంది. అది వాడితే ప్రతి కెర్నల్ అప్‌డేట్‌కీ మళ్లీ కంపైల్ చేసుకోవాలి, కొత్త కెర్నల్‌తో కొన్నిసార్లు పొసగదు, ఆ తలనొప్పికి సిద్ధపడాలి. ఇక మెయిన్‌లైన్ మాడ్యూల్‌లో ఐపీవీ6 చాలాకాలం లేదు. జియో మొదటినుంచీ ఐపీవీ6 ఇస్తున్న దేశంలో ఐపీవీ6 రాని గేట్‌వేని ఎవరు పెట్టుకుంటారు?

కెర్నల్ దారిలో మామూలు ఐపీ ఫార్వర్డింగే ఒక కోర్ మీద సెకనుకు 10 నుంచి 20 లక్షల ప్యాకెట్ల దగ్గర ఆగుతుంది, జీటీపీ పని కలిస్తే ఇంకా తగ్గుతుంది. అయినా పంపకం సరిగ్గా ఉంటే ఎనిమిది కోర్లతో 10 గిగాబిట్ల మొబైల్ ట్రాఫిక్ ఇబ్బంది లేకుండా పోతుంది. పైన వేసిన లెక్కతో పోల్చుకోండి.

ఎక్స్‌డీపీ

చాలామందికి ఇదే సరైన మెట్టు అని నా అభిప్రాయం.

ఎక్స్‌డీపీ 2016లో 4.8 కెర్నల్‌తో వచ్చింది. కార్డు డ్రైవర్ దగ్గరే, కెర్నల్ ఆ ప్యాకెట్ కోసం ఇంకా తన డేటా స్ట్రక్చర్ తయారుచేయకముందే, మీ చిన్న ఈబీపీఎఫ్ ప్రోగ్రామ్ (కెర్నల్ లోపలే నడవడానికి అనుమతించే కోడ్) నడుస్తుంది. జీటీపీ హెడర్ తీసి, మ్యాప్‌లో సెషన్ వెతికి, కొత్త హెడర్ పెట్టి అవతలి కార్డుకి తోసేస్తుంది. 2018లో వచ్చిన ఎక్స్‌డీపీ పరిశోధన పత్రంలో ప్యాకెట్లను ఊరికే పారేయడంలో ఒక కోర్ మీద సెకనుకు 2.4 కోట్ల దాకా చూపించారు. అది పారేయడం మాత్రమే, గేట్‌వే పని కాదు, ఆ అంకె చూసి పొంగిపోకండి. అసలు పనిలో కెర్నల్ దారికంటే కొన్ని రెట్లు ఎక్కువ, డీపీడీకే కంటే తక్కువ అనుకుంటే సరిపోతుంది.

దీని గొప్పతనం వేగం ఒక్కటే కాదు. కార్డు కెర్నల్ చేతిలోనే ఉంటుంది. ఏఆర్‌పీ, రూటింగ్, బీజీపీ, మానిటరింగ్ టూల్స్ అన్నీ ఎప్పటిలాగే పనిచేస్తాయి, మీ ప్రోగ్రామ్‌కి అర్థం కాని ప్యాకెట్‌ని "నువ్వు చూసుకో" అని కెర్నల్‌కి వదిలేయొచ్చు. ముక్కలైన ప్యాకెట్లు, ఎకో రిక్వెస్టులు, ఐసీఎంపీ లాంటివన్నీ అలా వదిలేస్తే కోడ్ చిన్నదిగా ఉంటుంది. ట్రాఫిక్ లేనప్పుడు సీపీయూ కూడా విశ్రాంతి తీసుకుంటుంది. ఎడ్జ్ సైట్‌లో చిన్న సర్వర్ పెట్టి కరెంటు బిల్లు కట్టేవాళ్లకి ఇది చిన్న విషయమేం కాదు.

ఇబ్బందులూ ఉన్నాయి. ఫోన్ ఐడిల్‌లోకి వెళ్లినప్పుడు దానికొచ్చే డౌన్‌లింక్ ప్యాకెట్లను గేట్‌వే కాసేపు దాచిపెట్టి, పేజింగ్ అయ్యాక, అంటే ఫోన్‌ని లేపాక, పంపాలి. ఎక్స్‌డీపీలో ప్యాకెట్‌ని దాచే చోటు లేదు, వాటిని యూజర్‌స్పేస్‌కి పంపి అక్కడ దాచుకోవాలి. షేపింగ్ కూడా అంతే, పరిమితి మించిన ప్యాకెట్‌ని పారేసే పోలీసింగ్ చేయగలరు గానీ క్యూలో నిలబెట్టి నెమ్మదిగా వదలడం కుదరదు. ప్రోగ్రామ్ సురక్షితమో కాదో చూసే కెర్నల్ వెరిఫయర్‌తో కుస్తీ పట్టాలి, కరెక్ట్ కోడ్‌ని కూడా ఒప్పుకోని రోజులుంటాయి. డ్రైవర్‌లో నేటివ్ సపోర్ట్ ఉందో లేదో చూసుకోవడం మర్చిపోవద్దు, లేకపోతే అది జెనెరిక్ మోడ్‌లో నడుస్తుంది, లాభం దాదాపు ఉండదు, "ఎక్స్‌డీపీ పెట్టినా స్పీడ్ పెరగలేదు" అనేవాళ్లలో చాలామంది కథ ఇదే. ఐ40ఈ, ఐస్, ఎంఎల్‌ఎక్స్5, వర్టియో నెట్ డ్రైవర్లలో నేటివ్ ఉంది.

సొంతంగా రాయాలనుకోకపోతే ఈయూపీఎఫ్ అనే ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టు ఉంది, కంట్రోల్ భాగం గో భాషలో, డేటా దారి ఈబీపీఎఫ్‌లో. సెషన్లను నడిపించే ఎస్‌ఎంఎఫ్ యూపీఎఫ్‌తో మాట్లాడే భాష పీఎఫ్‌సీపీ దీనికి వచ్చు కాబట్టి ఓపెన్5జీఎస్ ఎస్‌ఎంఎఫ్‌తోనో ఫ్రీ5జీసీ ఎస్‌ఎంఎఫ్‌తోనో జత చేసి చూడొచ్చు. కంట్రోల్ ప్లేన్, యూజర్ ప్లేన్ వేరుచేసిన 3జీపీపీ (మొబైల్ ప్రమాణాలు రాసే సంస్థ) రిలీజ్ 14 పుణ్యమా అని ఇలా ఒకరి ఎస్‌ఎంఎఫ్‌కి ఇంకొకరి యూపీఎఫ్ తగిలించుకోవడం కుదురుతోంది.

డీపీడీకే, దాని మీద వీపీపీ

పీక్‌లో సెకనుకు కోటి ప్యాకెట్లు దాటుతున్నాయా, పైగా షేపింగ్, డీపీఐ (ప్యాకెట్ లోపలి విషయం చూడడం), బఫరింగ్, నాట్ అన్నీ ఆ పెట్టెలోనే కావాలా? అయితే ఇక చర్చ అనవసరం, ఇటు రండి.

ఇంటెల్‌లో పుట్టి తర్వాత ఓపెన్‌సోర్స్ అయి, 2017లో లినక్స్ ఫౌండేషన్ కిందకి వచ్చిన ఈ లైబ్రరీ కెర్నల్‌ని పూర్తిగా పక్కన పెట్టేస్తుంది. మీ ప్రోగ్రామే కార్డు రింగులను ఆగకుండా చూస్తూ ఉంటుంది, ఇంటరప్ట్ లేదు, సిస్టమ్ కాల్ లేదు, హ్యూజ్ పేజీల (పెద్ద మెమరీ బ్లాకుల) వల్ల టీఎల్‌బీ, అంటే మెమరీ చిరునామాల క్యాష్, మిస్సులు తక్కువ. దాని మీద కట్టిన వీపీపీ సిస్కోలో పుట్టింది, 2016లో ఎఫ్‌డీ ఐఓ ప్రాజెక్టుగా బయటికొచ్చింది. దాని ఆలోచన బాగుంటుంది: ప్యాకెట్లను ఒక్కొక్కటిగా కాకుండా 256 దాకా ఒక కట్టగా తీసుకుని, ఆ కట్ట మొత్తానికి ఒక పని పూర్తిచేసి తర్వాతి పనికి వెళ్తుంది. కోడ్ ఇన్‌స్ట్రక్షన్ క్యాష్‌లో వేడిగా ఉంటుంది, తర్వాతి ప్యాకెట్ సెషన్‌ని ముందే ప్రీఫెచ్ చేసుకోవచ్చు. పైన 200 సైకిళ్లలో ఒక మెమరీ మిస్ మొత్తం మింగేస్తుందన్నాను కదా, ఆ మిస్‌ని దాచే విద్య ఇదే. వీపీపీ మీద యూపీజీ, బెస్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ స్విచ్ మీద ఓమెక్ ప్రాజెక్టు వాళ్ల యూపీఎఫ్ ఓపెన్‌సోర్స్‌లో దొరుకుతాయి. ఓమెక్ వాళ్లది డీపీడీకేతో పాటు ఏఎఫ్ ఎక్స్‌డీపీ (ప్యాకెట్లను నేరుగా యూజర్‌స్పేస్‌కి ఇచ్చే ఎక్స్‌డీపీ దారి) మీద కూడా నడుస్తుంది, కాబట్టి ల్యాబ్‌లో ఒకలా, సైట్‌లో ఒకలా పెట్టుకోవచ్చు.

ధర ఎక్కడ కడతారంటే, మొదటిది కోర్లు. పోలింగ్ కోర్ ట్రాఫిక్ ఉన్నా లేకపోయినా నూరు శాతం చూపిస్తుంది. మానిటరింగ్ టీమ్ మొదటి వారం అలారాలతో ఫోన్లు చేస్తూనే ఉంటుంది, సీపీయూ శాతం బదులు ఖాళీ పోల్స్ ఎన్నో లెక్కపెట్టే కౌంటర్ పెట్టండి. రెండోది, ఇంటెల్ కార్డుని డీపీడీకే కోసం విఎఫ్‌ఐఓ డ్రైవర్‌కి కట్టగానే అది లినక్స్‌కి కనపడదు, టీసీపీడంప్ లేదు, ఈథ్‌టూల్ లేదు. మెలనాక్స్ కార్డుల్లో డ్రైవర్ రెండుగా పనిచేస్తుంది, కెర్నల్‌కీ కనపడుతుంది డీపీడీకేకీ కనపడుతుంది, ఈ ఒక్క కారణానికే కొందరు వాటిని కొంటారు. మూడోది మనుషులు. ఏఆర్‌పీ నుంచి ముక్కల కలపడం దాకా కెర్నల్ ఉచితంగా ఇచ్చిందంతా ఇప్పుడు మీ కోడ్ బాధ్యత లేదా వీపీపీ బాధ్యత, అర్ధరాత్రి క్రాష్ అయితే కోర్ డంప్ చదివే మనిషి టీమ్‌లో ఉండాలి. హైదరాబాద్‌లో, బెంగళూరులో అలాంటివాళ్లు దొరకరని కాదు, దొరుకుతారు, కానీ ఒక్కరి మీద ఆధారపడి ప్రొడక్షన్ నడిపితే ఆయన పేపర్ పెట్టిన రోజు మీకు టెన్షన్ మొదలు.

కుబర్నెటిస్‌లో (కంటెయినర్లను నడిపే వ్యవస్థ) పెడుతుంటే కార్డుని ముక్కలుగా పంచే ఎస్ఆర్-ఐఓవీ, పాడ్‌కి అదనపు కార్డులిచ్చే మల్టస్, కోర్లను పాడ్‌కే కట్టే సీపీయూ మేనేజర్ స్టాటిక్ పాలసీ, హ్యూజ్ పేజీలు, ఈ నాలుగూ కలిసి రావాలి. ఒక్కటి తప్పినా డీపీడీకే పాడ్ అసలు లేవకపోవచ్చు, లేచినా అనుకున్న వేగం రాదు.

హార్డ్‌వేర్ ఆఫ్‌లోడ్

స్మార్ట్ నిక్ (ప్యాకెట్ పని తానే చేసే నెట్‌వర్క్ కార్డు), పీ4 స్విచ్ (పీ4 భాషలో ప్రోగ్రామ్ చేసుకునే స్విచ్). కాగితం మీద ఇవి అన్నిటినీ మింగేస్తాయి, వందల గిగాబిట్లు లైన్ రేటులో. స్విచ్ దారి గురించి ఒక మాట: ఈథర్ ప్రాజెక్టు వాళ్లు టోఫీనో చిప్ మీద యూపీఎఫ్ నడిపి చూపించారు, బాగా పనిచేసింది కూడా, కానీ 2023 మొదట్లో ఇంటెల్ ఆ చిప్ తర్వాతి తరాల అభివృద్ధి ఆపేసింది. ఒక్క కంపెనీ చిప్ మీద ఆధారపడితే ఇలాగే ఉంటుంది.

స్మార్ట్ నిక్ పరిస్థితి మెరుగే. డీపీడీకే ఫ్లో ఏపీఐ ద్వారా టీఈఐడీ మ్యాచ్ చేసి, హెడర్ తీసి, కౌంట్ చేసి పంపే పనిని కార్డుకే అప్పగించొచ్చు. కానీ అమ్మేవాళ్లు చెప్పని ప్రశ్న ఒకటుంది, మీరే అడగండి: సెకనుకి ఎన్ని రూల్స్ మార్చగలదు? ఫోన్ కొన్ని సెకన్లు ఏ డేటా లేకుండా ఉంటే ఐడిల్‌లోకి పోతుంది, మళ్లీ వాట్సాప్ మెసేజ్ రాగానే లేస్తుంది. ప్రతిసారీ డౌన్‌లింక్ ఫార్వర్డింగ్ రూల్ మారుతుంది. లక్షల ఫోన్లుంటే రూల్స్ మార్పిడి వరదలా వస్తుంది, టేబుల్ ఎంత పెద్దదైనా మార్పిడి వేగం చాలకపోతే కార్డు చేతులెత్తేస్తుంది. అందుకే దీన్ని తెలివిగా వాడేవాళ్లు అన్ని సెషన్లనూ కార్డులో పెట్టరు. ఎక్కువసేపు భారీగా నడిచే ఫ్లోలను మాత్రం కార్డుకి దించి మిగతావి సాఫ్ట్‌వేర్‌లో ఉంచుతారు. రోజంతా కనెక్ట్ అయి ఉండే ఇంటి రూటర్లు, సీసీ కెమెరాలు ఎక్కువున్న నెట్‌వర్క్‌కి ఇది అతికినట్టు సరిపోతుంది. మామూలు ప్రీపెయిడ్ ఫోన్ల నెట్‌వర్క్‌కి మీరు పెట్టిన డబ్బుకి లాభం అంత త్వరగా కనపడదు.

నేనైతే ఏం చేస్తాను

కాలేజీ ల్యాబ్ అయితే టన్ డివైస్, ఏమీ ముట్టుకోను. రెండు గిగాబిట్ల పైన కావాలంటే ఫ్రీ5జీసీ మాడ్యూల్‌తోనో ఈయూపీఎఫ్‌తోనో ఒక సెమిస్టర్ ప్రాజెక్టు చేయిస్తాను.

ఫ్యాక్టరీ, గని, పోర్టు లాంటి ప్రైవేట్ నెట్‌వర్క్‌కి కళ్లు మూసుకుని ఎక్స్‌డీపీ. బేస్ స్టేషన్లు కొన్నే ఉంటాయి కాబట్టి లోపలి హెడర్ పంపకం ముందే సరిచేసుకుంటాను. ఇక్కడ డీపీడీకే పెట్టమని సలహా ఇచ్చే కన్సల్టెంట్‌ని "మా పీక్ ప్యాకెట్ రేటు ఎంత?" అని అడగండి. జవాబు రాకపోతే సలహా కూడా అక్కర్లేదు.

నగర స్థాయి ఆపరేటర్‌కి వీపీపీ, అందులో అనుమానం లేదు. అద్దె క్లౌడ్ వర్చువల్ మెషీన్‌లో యూపీఎఫ్ పెట్టేవాళ్లు మాత్రం ముందు ఆ మెషీన్ రకానికి సెకనుకి ఇన్ని ప్యాకెట్లే అని పరిమితి ఉందేమో కనుక్కోండి. ఆ పరిమితి మీకంటే ముందే అడ్డు తగిలితే మీరు ఏ సాఫ్ట్‌వేర్ పెట్టినా ఒకటే.

మధ్యలో ఊగిసలాడేవాళ్లకి, అంటే సెకనుకి ముప్పై లక్షల నుంచి కోటి ప్యాకెట్ల మధ్య ఉన్నవాళ్లకి, వేగం మీద కాకుండా ఫీచర్ల మీద నిర్ణయించుకోమంటాను. నిజమైన షేపింగ్ కావాలంటే డీపీడీకే. పోలీసింగ్ సరిపోతుందంటే ఎక్స్‌డీపీ.

మార్చే ముందు ఎంటీయూ, మార్చాక టెస్టింగ్

ఏ దారి పట్టినా ఎంటీయూ (లింకు మీద పోగలిగే గరిష్ఠ ప్యాకెట్ సైజు) చూసుకోకపోతే అంతా బూడిదలో పోసిన పన్నీరే. ఐపీవీ4 మీద జీటీపీ-యూకి 20, 8, 8 కలిపి 36 బైట్లు అదనం, 5జీ ఎక్స్‌టెన్షన్ హెడర్‌తో 44, బయట ఐపీవీ6 అయితే ఇంకో 20. ఫోన్ 1500 బైట్ల ప్యాకెట్ పంపితే బేస్ స్టేషన్‌కీ గేట్‌వేకీ మధ్య లింకు, అంటే బ్యాక్‌హాల్‌లో అది 1544 అయి రెండు ముక్కలవుతుంది. రెండో ముక్కలో యూడీపీ హెడర్ ఉండదు, కార్డు దాన్ని సరిగ్గా పంచలేదు, ఎక్స్‌డీపీ ప్రోగ్రామ్ దాన్ని కెర్నల్‌కి తోసేస్తుంది, డీపీడీకేలో కలపడానికి వేరే కోడ్ కావాలి. బ్యాక్‌హాల్ ఎంటీయూ పెంచండి, మీ చేతిలో లేకపోతే ఫోన్‌కిచ్చే ఎంటీయూ తగ్గించండి. 3జీపీపీ స్పెసిఫికేషన్‌లో సూచించిన 1358 ఈ గొడవ రాకుండా లెక్కగట్టిన అంకే. ముక్కల కౌంటర్ పెరుగుతోందంటే ముందు దీన్ని సరిచేసి, ఆ తర్వాతే పైన చెప్పిన పోలికలన్నీ మళ్లీ చదవండి.

టెస్టింగ్‌కి టీరెక్స్ అనే ట్రాఫిక్ జనరేటర్ వాడండి, ఉచితం, జీటీపీ-యూ పంపగలదు. కానీ ఒకే టన్నెల్‌తో టెస్ట్ చేస్తే ఒకే కోర్ వేగం తెలుస్తుంది, అన్ని టన్నెళ్లకీ వరస ఐపీలు ఇచ్చి చేస్తే క్యాష్‌కి అనుకూలమైన అబద్ధపు వేగం తెలుస్తుంది. కనీసం మీ అసలు యూజర్ల సంఖ్యలో సగం సెషన్లు పెట్టి, యాదృచ్ఛికంగా ఎంచుకుంటూ, మీ సగటు ప్యాకెట్ సైజుతో, పక్కనే పీఎఫ్‌సీపీ మార్పులు కూడా నడుస్తుండగా అరగంట ఆపకుండా నడపండి. డ్రాపుల్ని ఆ అరగంటలో ప్రతి సెకనుకీ విడివిడిగా రాసుకోండి, సగటు తీయకండి, ఎందుకంటే సెషన్లు ఒక్కసారిగా వేలల్లో మారినప్పుడు వచ్చే రెండు సెకన్ల డ్రాపులే కస్టమర్ కేర్‌కి ఫోన్లుగా వస్తాయి.